కిందికి చూసే విమానం

టార్చిలైటు పళ్ల మధ్య పెట్టుకుని, ఆయన అప్పటికి నలభై నిమిషాలుగా విమానం సీటు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. విమానమంటే రెక్కలున్నది కాదు. పైలట్లు కాబోయే పిల్లలకు నేల మీదే నడపడం నేర్పే సిమ్యులేటరు. ఒక గది, రెండు సీట్లు, స్టీరింగు, ఎదురుగా గోడంత తెర. ఇరవై ఆరేళ్లుగా దాని బాగోగులు చూస్తున్న మెకానిక్ ఆయన. మడతపెట్టే నిచ్చెనలా సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఏ సందులోకైనా మూడు మడతలై దూరిపోతాడు. ఎవరేమడిగినా "చూద్దాం" అంటాడు కాబట్టి శిక్షణ కేంద్రంలో అందరికీ ఆయన చూద్దాంగారు. పెళ్లి మాటొచ్చినప్పుడూ అదే అన్నాడట. "ఈయన చూద్దాం చూద్దాం అంటూ కూర్చున్నారు, చూసుకోవలసినవన్నీ నేనే చూసుకున్నాను" అంటుంది భార్య. నిజం విమానం ఎప్పుడెక్కుతారని పిల్లలు అడిగినా జవాబు మారలేదు.

ఇప్పటి జబ్బు పది రోజుల నాటిది. విమానం సరిగ్గా రన్‌వే మీదికి దిగబోతుండగా తెరమీది దృశ్యం దానంతటదే కిందికి వంగిపోతోంది. రన్‌వే ఉండాల్సిన చోట పైలట్ కాళ్ల దగ్గరి పెడళ్లు ప్రత్యక్షం. విమానానికి సిగ్గేస్తోందని పిల్లలు నవ్వుకున్నారు. మేనేజరమ్మకు మాత్రం నవ్వు రాలేదు.

"సాయంత్రంలోగా తేలకపోతే దీన్ని పాతసామాన్లవాళ్లకు ఇచ్చేస్తానండీ" అంది గుమ్మంలో నిలబడి.

"చూద్దాం" అంది సీటు కింద నుంచి గొంతు.

"ఇరవై ఆరేళ్లుగా చూస్తూనే ఉన్నారు."

ఆయన ఒక్కో వైరూ పీకి, తుడిచి, మళ్లీ పెట్టాడు. మౌసు తీసేశాడు. అదనపు కంట్రోలరు తీసేశాడు. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా సీట్లో కూర్చుని స్వయంగా విమానం దింపి చూశాడు. జన్మలో విమానం ఎక్కని మనిషి మధ్యాహ్నానికి పదకొండుసార్లు క్షేమంగా దిగాడు. ఒక విద్యార్థిని చేత దింపించాడు. తెరమీది దృశ్యం చెక్కుచెదరలేదు. ఇక మిగిలింది గురువుగారు.

గురువుగారంటే ముఖ్య శిక్షకుడు, ఒకప్పుడు నిజం విమానాలు నడిపినవాడు. పెద్ద మీసం, పెద్ద గొంతు, వాటిని మించిన పొట్ట. ఆయనే వచ్చి తలుపు మూసి, ఎన్నడూ లేనంత నెమ్మదిగా అడిగాడు.

"నిజం చెప్పవయ్యా. నువ్వు నడిపితే వంగిందా?"

"లేదు సార్."

శిక్షకుడు తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "నేనూ అదే అనుకున్నా. చెయ్యి వణికి ఏదో నొక్కేస్తున్నట్టున్నాను. మా నాన్నకీ ఈ వయసులోనే మొదలైంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

ఈసారి మెకానిక్ చూద్దాం అనలేదు. "ఒక్కసారి దింపండి సార్" అని పక్కనే నేలమీద చతికిలబడి టార్చి వేశాడు.

విమానం మబ్బులు దాటింది. రన్‌వే దగ్గరపడింది. ముక్కు పైకెత్తడానికి శిక్షకుడు స్టీరింగును గుండెల మీదికి లాక్కున్నాడు. చెయ్యి రాయిలా ఉంది. కానీ స్టీరింగుకు గుండెల కంటే ముందు పొట్ట ఎదురైంది. స్టీరింగు ఎడమ కొమ్ముకు కాస్త కిందగా, తెరమీది దృశ్యాన్ని పైకీ కిందికీ తిప్పడానికి ఒక గుండ్రటి స్విచ్ ఉంటుంది. అది దిండులో గుండీలా ఆ పొట్టలోకి మునిగిపోయింది. తెరమీద పెడళ్లు కనిపించాయి.

మెకానిక్ చాలాసేపు టార్చి ఆర్పలేదు.

"చెయ్యేనా?"

"కాదు సార్. తప్పు స్విచ్‌ది. పాతబడి వదులైపోయింది. గాలి తగిలినా నొక్కుకుంటోంది."

"గాలికేనా?"

"కొంచెం గట్టి గాలి సార్."

శిక్షకుడు పెద్దగా ఊపిరి వదిలి, జేబురుమాలు తీసి మీసం తుడుచుకున్నాడు. మీసానికేమీ అంటలేదు.

మెకానిక్ తన దగ్గుమందు సీసా మూత తీసుకుని, దాని నెత్తి కోసేసి, మిగిలిన చుట్టును స్విచ్ చుట్టూ ప్రహరీగోడలా బిగించాడు. వేలు లోపలికి పోతుంది, ఇంకేదీ పోదు. శిక్షకుడు నాలుగుసార్లు దిగాడు. రన్‌వే కదలలేదు. 'స్విచ్ వదులు. చుట్టూ అడ్డు పెట్టడమైనది' అని రిజిస్టరులో రాసి, మెకానిక్ అయిదింటి బస్సు ఎక్కాడు.

"ఏమిటండీ, మీలో మీరే నవ్వుకుంటున్నారు?" అంది భార్య చొక్కా అందుకుంటూ.

"ఇవాళ గట్టి గాలి వీచింది."

ఆమె కిటికీలోంచి చూసింది. చెట్టు మీద ఆకు కదలడం లేదు.

ఆ వానాకాలం చివర ఒక సెలవురోజు, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన చూద్దాంగారు మళ్లీ లేవలేదు. కేంద్రానికి ఒక పూట సెలవిచ్చారు. పిల్లలు ఏడ్చారు, మేనేజరమ్మ తలుపేసుకుని ఏడ్చింది.

కొత్తగా వచ్చిన మెకానిక్ చురుకైన అమ్మాయి. మొదటిరోజే రిజిస్టరు ముందేసుకుని అన్నీ పరీక్షించింది.

"ఈ స్విచ్ వదులేమీ కాలేదు సార్. కొత్తదానిలా ఉంది. ఈ మందుసీసా మూత తీసేస్తాను."

"తియ్యకమ్మా" అన్నాడు శిక్షకుడు. "వదులైంది స్విచ్ కాదు, నా పొట్ట."

"ఆయన చెప్పారా?"

"ఆయనా? చెప్పే మనిషి కాదు. ఆ అంచు చూడు."

ఆమె వంగి టార్చి వేసింది. మూతకు మూడు వైపులా రంపపు గరుకు అలాగే ఉంది. పొట్ట వైపు అంచు మాత్రం నున్నగా అరగదీసి, దాని మీద పలచటి నీలం గుడ్డముక్క అంటించి ఉంది.