పదకొండు సెకన్లు

గుయ్‌హువా ఇయర్‌ఫోన్ గిన్నెలో వెంట్రుకంత తీగను ఒదిగించి, టంకం చుక్క పెట్టి, పక్కకు తోసింది. ఇంకొకటి అందుకుంది. షెన్‌జెన్‌లో పందొమ్మిదేళ్లుగా ఇదే పని. చేతుల పాటికి చేతులు చేసుకుపోతుంటే, ఆమె పాటికి ఆమె హునాన్ కొండల్లో తన ఊరి నూనెగింజల చెట్ల తోటలో తెల్లపూల కింద తిరుగుతూ ఉంటుంది. సూపర్‌వైజర్‌కు కావలసింది చేతులే కాబట్టి ఎవరికీ బాధ లేదు.

ఒక్కో పనికి ఎన్ని సెకన్లో కొలిచే గడియారం బాబు వచ్చి వెనక నిలబడ్డప్పుడు మాత్రం ఆ చేతులు మందగించాలి. ఎవరూ రాయని కట్టుబాటది. పదకొండు సెకన్ల పనిని పదహారు చేసి చూపించాలి. చూపించిన వేగమే మర్నాటినుంచి లైనంతటి మెడకూ చుట్టుకుంటుంది మరి! పక్క కుర్చీలో షావ్‌ఫెన్‌వి కీళ్లు వాచిన వేళ్లు. ఇంకో పద్నాలుగు నెలలు నెట్టుకొస్తే యాభై నిండి పింఛనుతో ఇంటికి పోతుంది. పదహారే ఆమెకు గగనం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కునుకు కోసం దీపాలు ఆర్పారు. రెండువందల తలలు బల్లల మీదికి వాలాయి. గంట మోగేసరికి గుయ్‌హువా చేతులు లేచాయి గాని ఆమె లేవలేదు. తోటలో పూలు రాలుతున్నాయి, అమ్మ ఎక్కడినుంచో పిలుస్తోంది. వీపు వెనక టిక్కుమంది.

“పదకొండు!” అన్నాడు గడియారం బాబు సంబరంగా, చేతిలోని ట్యాబ్‌లో అంకె కొట్టుకుంటూ.

అతను అటు వెళ్లగానే షావ్‌ఫెన్ మోచేత్తో పొడిచింది. “ఒసేయ్, నీ చేతులకి దెయ్యం పట్టిందా?”

“నిద్రలో ఉన్నానక్కా.”

“నిద్ర నీది, కొంప మునిగింది నాది” అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

గుయ్‌హువా మెట్ల దగ్గర గడియారం బాబును పట్టుకుంది. “బాబూ, నీకు పుణ్యముంటుంది. ఆ లెక్క కొట్టేసి ఇంకోసారి కొలుచుకో.”

“పైకి పంపేశానక్కా. కొలిచిన మనిషి లైన్లో ఉన్నంతకాలం అదే లెక్క.”

“నేను లేకపోతే?”

“మళ్లీ ఇంకొకర్ని కొలవాలి. అయినా మీరెక్కడికి పోతారులెండి!”

నిజమే, ఎక్కడికి పోతుంది? మొగుడు పోయి ఆరేళ్లు. హాస్టల్లో పై మంచం తప్ప ఈ ఊళ్లో తనదంటూ జానెడు చోటు లేదు. సాయంత్రందాకా మామూలుగానే పనిచేసింది. షావ్‌ఫెన్ బస్సెక్కాక ఆఫీసుకు వెళ్లి మానేస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టింది. గుమాస్తా తలెత్తి చూడలేదు.

మర్నాడు పొద్దున్నే గడియారం బాబు షావ్‌ఫెన్ వెనక నిలబడ్డాడు. ఆమెకు నటించాల్సిన అవసరమే రాలేదు. పదహారున్నర రాసుకుని వెళ్లిపోయాడు.

“ఇదెక్కడికి పోయిందే ఇంకా రాకుండా?” అంటూ షావ్‌ఫెన్ పక్కకు తిరిగింది. ఖాళీ కుర్చీ వీపున గుయ్‌హువా చొక్కా చేతుల మీద వేసుకునే నీలం గుడ్డ తొడుగులు వేలాడుతున్నాయి, మోచేతుల దగ్గర ఇంకా ఆ వంపుతోనే.