కొంగపిల్ల గది

ఫ్యాక్టరీలో ఆయన్ని "పక్షిదొర" అంటారు, ఎదురుగా కాదు. రంగులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీకి ఆయనే పెద్ద అధికారి. దాని మురికినీళ్లు కలిసే చెరువులో పక్షులను కాపాడడం ఆయన జీవితాశయం. ఈ రెంటికీ ఏదో సంబంధం ఉందన్న సంగతి ఆయనకు ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు.

తల్లి చచ్చిన కొంగపిల్లను తెచ్చి కింది గదిలో పెట్టాడు. ఆ గదిని భార్య తన అక్క కోసం సర్దిపెట్టుకుంది. తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్న ఆ మనిషి మెట్లెక్కలేదు. చెల్లెలు తప్ప దిక్కులేదు.

"ఇది ఎగిరిపోయేదాకా ఆగలేదా మీ అక్క?" అన్నాడాయన.

కొంగపిల్ల మనిషి ముఖం చూడకూడదని, గొంతు వినకూడదని పక్షుల డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. వింటే మనుషులే తనవాళ్లనుకుంటుంది, ఇక చెరువుకు పనికిరాదు. మేత పెట్టేవాళ్లు ఒళ్లంతా తెల్లగుడ్డ కప్పుకుని, చేతికి కొంగతల తొడుగు వేసుకోవాలి. ఇల్లంతా నోరు కట్టేసుకుంది. ఫోన్ మోగితే భార్య పెరట్లోకి పరుగెత్తేది.

"ఏమే, మరిదిగారి కొంగ ఎగిరిందా?" అక్క అడిగేది.

"రెక్కలొస్తున్నాయటక్కా."

"నాకూ వస్తాయేమో కనుక్కో, మేడమీదికే ఎగిరొస్తా. సోమవారానికి మంచం ఖాళీ చెయ్యమంటున్నారిక్కడ."

ఆదివారం చెరువుగట్టున కెమెరాల ముందు బుట్ట తెరిచారు. నీళ్లలోని కొంగల గుంపును కొంగ పరాయివాళ్లను చూసినట్టు చూసింది. ఆయన గొంతు సవరించుకుని "మిత్రులారా" అన్నాడో లేదో, పరుగున వచ్చి ఆయన కాళ్ల దగ్గర నోరు తెరిచింది.

"సార్, దీని ముందు ఎవరు మాట్లాడారు?" డాక్టరమ్మ అడిగింది.

"నేనే. ఇవాళ్టి ఉపన్యాసం రోజూ కాస్త చదివి చూసుకునేవాణ్ణి. వినేవాళ్లుంటేనే కదా ఊపొచ్చేది!"

"ఇక ఇది ఎక్కడికీ పోదు సార్."

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా, నన్ను వదల్లేకపోతోంది! ఆ గది ఇక జన్మంతా దానిదే."

భార్య ఆయన్ని ఎగాదిగా చూసింది. ఇంతకాలం ఈ మనిషి కోసమా గుసగుసలతో బతికింది?

"గదెందుకండీ? దానికి కావలసింది మీరు. మీ మంచం పక్కనే పడుకుంటుంది."

"కంపు కొడుతుందే!"

"మీ ఉపన్యాసాలు అది భరించలేదూ?"

ఆ సాయంత్రమే కొంగను మేడమీద ఆయన పడకగదికి చేర్చి, కింది గది కడిగించింది. మర్నాడు అక్కను తెచ్చి పడుకోబెట్టింది. రాత్రి భోజనాల దగ్గర ఆయన చెరువు గురించి ఏదో మొదలుపెట్టాడు. ఆ గొంతు వినగానే మేడమీద కొంగ అరుపులు లంకించుకుంది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అరిచింది.

"పాపం, పిలుస్తోంది. వెళ్లండి మరిదిగారూ," అంది అక్క లోపలినుంచి.

ఆయన కంచం పట్టుకుని మెట్లెక్కాడు.