ముందుగదికి పోయే బస్సు

ఈ ఆదివారం మధ్యాహ్నం మా వంటింటికీ ముందుగదికీ మధ్య నడవా సాగుతోంది. పొద్దున కాఫీ పట్టుకెళ్ళినప్పుడు మామూలుగానే ఉంది. ఇప్పుడు చివరనున్న తలుపు అగ్గిపెట్టెంత కనిపిస్తోంది.

ఆ తలుపు వెనక మా ఆయన సూరిబాబు మంచం మీద కూర్చుని ఊపిరి అందక కొట్టుకుంటున్నారు. ఆయనకి ఉబ్బసం. నోట్లో పెట్టుకుని పీల్చే మందు డబ్బా నా గుప్పిట్లో ఉంది. దాన్ని వంటింట్లో పోపుల పెట్టె పక్కన ఎవరు పెట్టారో! ఇంకెవరు, ఆయనే. చచ్చినా చెప్పిన చోట పెట్టరు.

"ఏమే... రత్నం..."

"వస్తున్నానండీ, మీరు మాట్లాడకండి!" అని అరుస్తాను.

నడుస్తాను. నేను ఒక అడుగు వేస్తే నడవా రెండడుగులు పెరుగుతోంది. గోడలకి అంటించిన కాగితం మీది పూల డిజైను పోయి ఎర్ర ఇటుకలు వస్తున్నాయి. ఇటుకల మీద ఇనప పూలు మొలుస్తున్నాయి.

ఇలాంటి పువ్వొకటి మా ఇంటి బయటి గోడకి ఉంది. సీమలో మేముండే ఈ రేవు ఊరు, కార్డిఫ్, పాత వీధుల్లో అక్కడక్కడ కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ ఊళ్ళో బస్సులు కరెంటుతో నడిచేవట, నెత్తిమీది తీగల్ని ఈ పూలకే కట్టేవారట. మా ఆయన ఇక్కడ బస్సు డ్రైవరు. ఇలాంటివన్నీ అన్నం తినేటప్పుడు చెబుతుంటారు, నేను ఊఁ కొడుతుంటాను. తీగలు తీసేసినవాళ్ళు పూలని మర్చిపోయారు.

ఇప్పుడు మా నడవాలో పూలకి తీగలున్నాయి. తీగల్లోంచి సన్నగా ఈల వినిపిస్తోంది. అది కరెంటు చప్పుడు కాదు, మా ఆయన గుండెల్లో పిల్లికూతలు. ఆ మాత్రం నాకు తెలియదా!

వెనకనించి బస్సొకటి వచ్చి నా పక్కన ఆగుతుంది. దాని నెత్తిమీద రెండు పొడుగాటి కడ్డీలు తీగల్ని ఆనుకుని ఉన్నాయి. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. మెట్టు మీద కండక్టరు చేతిలో టీ కప్పుతో నిలబడ్డాడు.

"ఇది ముందుగదికి వెళ్తుందా బాబాయ్?"

"ఆయ్, అక్కడికేనండి. డ్రైవరుగారికి ఒంట్లో బాగోలేదంటండి, చూసొద్దారని ఎల్తున్నాం."

"మరి బస్సెవరు తోలుతున్నారు?"

"తీగున్నంతసేపూ బండి ఎల్తాదండి. తీగలో ఊపిరుండాలంతే."

ఎక్కేస్తాను. కండక్టరు పేరు కాశన్నట, ఊరు కోరంగి. మా యానానికి పక్కనే. బొగ్గు ఓడలో పనికొచ్చాడు. టీ కోసం ఊళ్ళోకి వెళ్ళి రేవుకి తిరిగొచ్చేసరికి ఓడ వెళ్ళిపోయిందట.

"ఎప్పటి మాట బాబాయ్?"

"ఎక్కడండీ, ఇంకా టీయే చల్లార్లేదు," అని కప్పు చూపిస్తాడు. ఆవిరి వస్తోంది.

మొదటి స్టాపు కాలవ. ఈ ఊరి కాలవని పూడ్చి ఎప్పుడో రోడ్డేశారు. అది మా తివాచీ కిందనుంచి పోతోందని నాకిప్పుడే తెలిసింది. ఉస్స్‌మని తలుపులు తెరుచుకుంటాయి. తడికాళ్ళతో పడవవాళ్ళు ఎక్కుతారు. గుప్పిట్లో డబ్బా తేలికవుతుంది.

రెండో స్టాపులో మళ్ళీ ఉస్స్‌మంటుంది. మూటలతో చాకిరేవు ఆడవాళ్ళు ఎక్కుతారు. డబ్బా ఇంకా తేలికవుతుంది. అప్పటికి గానీ నాకు బుర్ర వెలగదు. తలుపులు తెరుచుకునేది మా ఆయన మందుతోనే.

"తలుపులు తియ్యకు బాబాయ్! నీకు పుణ్యముంటుంది!"

"తియ్యకపోతే మరి ఎక్కేవోళ్ళు ఎలా ఎక్కుతారండి?"

"ఎక్కకపోతే కొంప మునిగిందా? దిగి నడవమను!"

మూటలావిడొకతె నావైపు జాలిగా చూస్తుంది. నాకెవరి జాలీ వద్దు. నాకు నా మొగుడు కావాలి.

నెత్తికి తగిలేంత కిందికున్న వంతెన వస్తుంది. అందరూ ఒక్కసారే తలలు వంచుతారు. నేనూ వంచుతాను. తల ఎత్తేసరికి చప్పుడు ఆగిపోయింది. మలుపులో కడ్డీలు తీగలమీంచి జారిపోయాయి. బస్సు నిలిచిపోయింది. పిల్లికూతలు వినిపించడం లేదు. ఇంతసేపూ ఆ చప్పుడుకి భయపడ్డానా, ఇప్పుడు అది వినబడితే చాలని తీగవైపు చెవి ఒగ్గుతాను.

కాశన్న దిగి బస్సు కిందికి వంగి చూస్తాడు. "వెదురు కర్రుండాలండి ఇక్కడ. కొసకి కొక్కెం ఉంటాది. దాంతోనే కడ్డీల్ని మళ్ళీ తీగలకి తగిలించాలి. ఎవడో ఎత్తుకుపోయాడు."

వెదురు కర్ర, కొసకి కొక్కెం. అయ్యో రాత! మేం ఈ ఇంట్లో దిగిన రోజు పెరట్లో గోడవారగా పడుంది. ఈ చలి దేశంలో మామిడికాయలు కోసే దోటి ఎలా వచ్చిందా అనుకుని, రెండు మేకులమీద ఆనించి దండెం చేసుకున్నాను. పొద్దున బట్టలు ఆరేసింది దానిమీదే. పేరు రాసి పెట్టుకోవద్దూ మరి, అంత అవసరమైన వస్తువైతే?

వెనక్కి తిరుగుతాను. వెనకవైపు నడవా పెరగలేదు, వంటింటి గడప కాలికి తగులుతుంది. పెరట్లోకి పరిగెత్తి దోటి లాగుతాను. బట్టలు తీసే తీరిక లేదు. ఆయన డ్రైవరు చొక్కా, నా నీలం చీర, దిండు గలీబులు, అన్నిటితో సహా భుజాన వేసుకుని బస్సు దగ్గరికి వస్తాను.

"బాగా ఉతికారండి," అంటాడు కాశన్న, తడిబట్టలు చూసి.

"ముందు పని చూడు బాబాయ్."

కడ్డీలు తగులుకుంటాయి. తీగలో ఈల మళ్ళీ మొదలవుతుంది, కానీ బాగా సన్నగా. ఇక ఏ స్టాపులోనూ ఆగనివ్వను. తలుపుకి అడ్డంగా నిలబడతాను.

బస్సు ముందుగదిలోకి వచ్చి ఆగుతుంది, దోటి పట్టుకుని దిగుతాను. రేవులో ఆటు సమయంలోలాగే గదిలో సముద్రం వెనక్కి వెళ్ళిపోయి బురద మెరుస్తోంది. బురద మధ్యలో మా మంచం ఉంది. మా ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి. డబ్బా ఆయన నోట్లో పెట్టి నొక్కుతాను. ఏమీ రాదు. ఊపుతాను, మళ్ళీ నొక్కుతాను. దారిపొడవునా తలుపులు తాగేశాయి.

"ఏవండీ! నన్నిలా వదిలేసి వెళ్ళారంటే ఊరుకోను!"

ఆయన ఒంటిమీది చొక్కా గుండీలు తీస్తాను. ఆయన గుండెల మీద ఇనప పువ్వుంది. బయటి గోడమీదిదే, తుప్పు కూడా అదే. దానికి తీగ లేదు.

నేను ఎవరినీ అడగను. దోటి ఎత్తి, నెత్తిమీది తీగని కొక్కెంతో కిందికి లాగి, ఆ పువ్వుకి ఆనిస్తాను. దోటిమీది బట్టలన్నీ జారి తీగమీద వరసగా నిలుస్తాయి. ఒక్క క్షణం ఏమీ కదలదు.

తర్వాత నా చీర అంచు ఊగుతుంది. గలీబులు ఊగుతాయి. ఆయన రొమ్ము లేచి పడుతుంది. నాకు ఏడుపొచ్చేస్తుంది, ఏడుస్తూనే పట్టుకుంటాను.

"మరి మీ బస్సు కర్ర, బాబాయ్?" అంటాను కాశన్నతో.

"మీ దగ్గరే ఉండనీండి. దించారంటే తీగ జారిపోద్దండి."

మా ఆయన కళ్ళు తెరుస్తారు. "చేతులు లాగుతున్నాయేమోనే. కాసేపు దించెయ్."

"నోరు మూసుకుని ఊపిరి పీల్చండి."

పీలుస్తారు. తీగమీది డ్రైవరు చొక్కాలోకి గాలి చేరుతుంది. చేతులు నిండుతాయి, భుజాలు నిలబడతాయి. అది తీగమీంచి దిగి, తడి ఓడ్చుకుంటూ వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంటుంది. కాశన్న గంట కొడతాడు. బస్సు కదులుతుంది.

నేను దోటి దించకుండా చూస్తున్నాను. కిందికున్న వంతెన దగ్గర బస్సులో వాళ్ళంతా తలలు వంచుతారు. అందరికంటే ముందు ఆ చొక్కా తన ఖాళీ కాలర్ని వంచుతుంది.