ఉతికిన తువ్వాలు

శ్రీరాములు మేస్త్రికి పని నేర్చుకుంటామని వచ్చేవాళ్లంటేనే ఒళ్లుమంట. అందులోనూ ఏడుకొండలంటే మరీను. మొన్నమొన్నటిదాకా కొబ్బరిచెట్లెక్కి దింపు తీసినవాడు, ముప్పయ్యేళ్లు దాటాక పెంకు నేయడం నేర్చుకుంటానంటే ఏ మేస్త్రి మాత్రం ముద్దు చేస్తాడు?

కానీ తొంభై ఆరు తుఫాను ఐ.పోలవరం చుట్టుపక్కల చెట్లన్నిటినీ పడుకోబెట్టేసింది. ఏడుకొండలుకి ఎక్కడానికి చెట్టు లేదు, ఇంటిమీద పెంకూ లేదు. కప్పు లేచిపోయినప్పుడు వాసమొకటి వాళ్లమ్మ సీతారత్నం నడుంమీద పడింది. ఆర్నెల్లుగా ఆవిడ టార్పాలిన్ పట్టా కింద మంచానికి అంటుకుపోయింది. ఆ కప్పు నేసింది శ్రీరాములే.

"గాలికి ఎవడడ్డం?" అని తేల్చేశాడాయన.

వానాకాలం లోపల తన ఇల్లు తనే కప్పాలని ఏడుకొండలు పంతం పట్టాడు. నేర్పేవాడు ఊళ్లో ఇంకొకడు లేడు కాబట్టి, మేస్త్రి కప్పుతున్న వీరాయమ్మగారి కొత్తింటిమీద తిట్లు తింటూ పడున్నాడు.

చెట్టెక్కే అలవాటుకి పెంకు నడిమధ్య కాలివేళ్లతో నొక్కి, రోజుకి రెండు పగలగొట్టేవాడు.

"కొబ్బరిచెట్టనుకున్నావేంట్రా దున్నా! కింద రీపరు కర్రున్నచోట వెయ్యి అడుగు!"

చూరునుంచి పైకి వరస ఎలా పోవాలో, దారం ఎక్కడ కట్టాలో అన్నీ తిడుతూనే చెప్పేవాడు. మూడు వరసలు పడగానే మాత్రం, "పో, కిందికెళ్లి నీళ్లు పట్రా" అని దింపేసేవాడు. దాహం లేకపోయినా అంతే.

నాలుగోసారి కుండ పట్టుకుని ఇంట్లోంచి వెళ్తూ ఏడుకొండలు తలెత్తి చూశాడు. పెంకుల సందులోంచి మేస్త్రి చెయ్యి కనబడింది. పెంకు అడుగునున్న చిల్లులోంచి తీగ దూర్చి, గాలికి లేవకుండా రీపరుకి బిగిస్తోంది. చూరు పొడవునా అలాగే కట్టి ఉంది. ఏడుకొండలు తమ ఇంటి కప్పు కింద నాలుగేళ్లు వెల్లకిలా పడుకున్నాడు. అక్కడ ఒక్క తీగ లేదు.

కుండ అక్కడే వదిలేసి నిచ్చెనెక్కాడు.

"మా ఇంటికి తీగెందుకు కట్టలేదండి?"

మేస్త్రి పట్కారుతో తీగ కొస తుంచాడు.

"కప్పు నడినెత్తిన కొప్పు పెంకు పెట్టినరోజు మేస్త్రికి కొత్త తువ్వాలు కప్పుతారు. మీ అమ్మ ఉతికిన పాతది కప్పింది. నలుగురూ చూస్తుండగా."

"తువ్వాలికాండీ?"

"ఆయ్, తువ్వాలికే. ఏం చేస్తావు? ఊరంతా చెప్పుకుంటావా? చెప్పుకో. తన నడుం ఎందుకు విరిగిందో మీ అమ్మ చెవినా పడుతుంది."

ఆ ముసలాణ్ని కిందికి తోసేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ ఆ మాట అమ్మ వింటే, నడుంనొప్పి కంటే ఆ తువ్వాలే ఆవిణ్ని తినేస్తుంది. ఆ సంగతి మేస్త్రికీ తెలుసు.

ఏడుకొండలు ఆయన చేతిలోని పట్కారు లాక్కుని, తర్వాతి తీగ తనే బిగించాడు.

"మీ మోకాళ్లు ఇంక రెండేళ్లు కూడా నిచ్చెనెక్కవండి మేస్త్రిగారూ. మీ ఇంటిమీదికీ నేనే రావాలి. తువ్వాలు కొత్తదే పెడుదురుగాని. తీగ కట్టేనో లేదో మీరు కింద పడుకుని చూసుకోవాలండి."

ఆపైన శ్రీరాములు అతణ్ని నీళ్లకి పంపలేదు. తీగ కట్టేటప్పుడు పక్కనే ఉండనిచ్చాడు.

జ్యేష్ఠమాసం చివర్లో ఏడుకొండలు తన ఇల్లు కప్పుకున్నాడు. కొప్పు ఒక్కటే మిగిలిన రోజున సీతారత్నం మంచంమీంచి పైకి చూస్తూ పిలిచింది.

"ఒరే, శ్రీరాములుగారికి మంచి తువ్వాలొకటి కొని ఇచ్చిరా. పని నేర్పేరు కదా. అప్పట్లో ఇంట్లో కొత్తది లేక ఉతికింది కప్పేను. పాపం, ఏమీ అనుకోలేదాయన."

పైన ఏడుకొండలు పళ్లు బిగబట్టి, తీగని ఇంకో మెలిక తిప్పాడు.

"అలాగేనమ్మా" అన్నాడు.