చేతుల మంట

పూలమ్మ మిరపకాయల కుప్ప ముందు గొంతుక్కూర్చొని, కొంగును ముక్కు మీదుగా తలచుట్టూ బిగించి కట్టుకొని, తొడిమెలు తుంచుతోంది. తుంచిన కాయ ఎడమపక్క గోనెపట్టా మీదికి, తొడిమె ఒళ్లోకి, తెల్లబడిన తాలు కాయ వెనక్కి. చూడనక్కర లేదు, వేళ్లకు తెలుసు. కళ్లు మాత్రం గోదాము తలుపు పక్కన మేకుకు వేలాడుతున్న తన సంచి మీదే ఉన్నాయి. అందులో ఫోను ఉంది. కొడుకు శ్రీకాంత్ కాజీపేటలో డ్యూటీకి చేరగానే మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఇంకా ఇవ్వలేదు.

ఫోను రెండుసార్లు మోగి ఆగిపోతే క్షేమంగా చేరినట్టు. అది ఆ ఇంటి ఒప్పందం. శ్రీకాంత్ రైలు డబ్బాలు కడిగే కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. రోజూ పట్టాలు దాటి పోవాలి. పట్టాలంటే రైళ్లుంటాయి. రైళ్లంటే డ్రైవర్లుంటారు, వాళ్లకు నిద్రొస్తుంది. ఇట్లా ఒకదాని వెనక ఒకటి వచ్చి, మోగని ఆ ఫోను పూలమ్మ గుండెల మీద రాయిలా కూర్చుంది.

"ఆ సంచిని గట్ల చూడకే. నీ చూపుకే కాలిపోతది," అంది పక్కనున్న సమ్మమ్మ.

"ఇంక ఫోన్ రాలేదక్కా."

"రాకుంటె చాయ తాగుతాండు."

"చాయ తాగెటోనికి ఒక్క వేలు ఒత్తడానికి ఏమైతదంట?"

"ఆ వేలుతోనె గ్లాసు పట్టుకున్నడు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నవ్వితే ఘాటు లోపలికి పోతుంది. ఒకామె తుమ్మింది, ఆ తుమ్ము వరసంతా పాకింది. ఆ తుమ్ముల మధ్యే ఫోను రెండుసార్లు మోగి ఆగింది. పూలమ్మ భుజాలు కిందికి దిగాయి. కానీ ఒక భయం దిగిపోతే ఎక్కడానికి ఇంకోటి బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడే ఉంటుంది. కోడలు అరుణ గ్యాసు బంద్ చేసిందో లేదో. మనవరాలు అక్షర ఒంటరిగా గేటు దాటిందో ఏమో. అన్నిటికీ వెనక, పొద్దుటి నుంచి కదలకుండా ఉన్న పెద్ద భయం వేరే ఉంది. ఇవాళ సాయంత్రం పడవ ఎక్కాలి.

పూలమ్మ పొట్టిగా, ఎండిన చింతబెరడులా ఉంటుంది. కుడిచేతి బొటనవేలి గోరు సగం అరిగి, పసుపుపచ్చగా మారింది. పెనిమిటి ఇదే మార్కెట్టులో హమాలీ. ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయాడు. అప్పటికి శ్రీకాంత్ చంటిపిల్లాడు. వాణ్ని గోనెసంచుల మీద పడుకోబెట్టి మొదటిసారి తొడిమెలు తీసిన రోజున, ఏడుస్తున్నాడని మొహం తుడిచింది. వాడి కన్ను ఉబ్బి, రెండు రోజులు తెరవలేదు. పోయిందనే అనుకుంది. కన్ను బాగైంది కానీ ఆమె లోపల ఏదో మళ్లీ సర్దుకోలేదు. ఆ తర్వాత ఏ పిల్లనూ అరచేత్తో ముట్టుకోలేదు. అక్షరను ముద్దు చేయాలన్నా మోచేత్తోనే బుగ్గ నిమురుతుంది. ఆ పిల్ల కూడా నానమ్మలంటే మోచేతులతోనే ముద్దు చేస్తారనుకుంటుంది.

సమ్మమ్మ అట్లా కాదు. నిలువెత్తు మనిషి, చేతుల నిండా పచ్చబొట్లు, గోదాము పైకప్పు లేచేలా నవ్వు. ఏటా మిర్చి సీజనుకు పరకాల నుంచి వచ్చి, మట్టెవాడలో పూలమ్మ ఇంటి పక్క గదిలో ఉంటుంది. మే నెల చివర మిర్చి రాక తగ్గి పని ఆగగానే బిడ్డ వినోద దగ్గరికి వెళ్లిపోతుంది. ఎండాకాలపు సాయంత్రాలు ఇద్దరూ చెరువు కట్టకు పోవడం, చెరుకు రసం తాగడం, గాలి పోసుకొని రావడం అలవాటు. కట్టమీద కూర్చున్న ప్రతిసారీ సమ్మమ్మ నీళ్ల మీది పడవను చూపించి, "ఒక్కపారి ఎక్కుదాం చెల్లె" అనేది. ఒక ఏడాది మబ్బు పట్టిందని, ఒక ఏడాది పడవ పాతగా ఉందని, నిరుడు అక్షరకు దగ్గుందని పూలమ్మ తప్పించుకుంది. ఈ ఏడాది సమ్మమ్మ ఊరుకోలేదు.

"ఈపారి పని ఆఖరి దినం ఎక్కాలె. ఎక్కకుంటె వచ్చే సీజనుకు నేను రానే రాను. పరకాలల్నె ఉండి పత్తి ఏరుకుంట. నువ్వీడ ఒక్కదానివే తుమ్ముకుంట కూసో."

సమ్మమ్మ లేని గోదామును పూలమ్మ ఊహించలేకపోయింది. సరేనని ఒట్టు పెట్టింది. పెట్టిన దగ్గర్నుంచీ నిద్ర లేదు. ఆ ఆఖరి దినం ఇవాళే.

మధ్యాహ్నం సద్దులు విప్పారు. సమ్మమ్మ రెండు ముద్దలు తిని గిన్నె మూసింది. అరచేత్తో రొమ్ము రాసుకుంటూ, "మండుతాందే ఇయ్యాల. ఛాతిల" అంది.

"ఎవలికి మండుతలేదు?" అంది ఎదురుగా ఉన్నామె. "ఘాటు తేజ రకం కాయ వచ్చింది పొద్దుగాల. నాకైతె కండ్లు, ముక్కు, కడుపు అన్ని మండుతానయి."

"భుజం గూడ గుంజుతాంది."

"బస్తా నేను జరుపుత, నేను జరుపుత అని ఉరుకుతె గుంజదా మరి?" అంది పూలమ్మ. తన సీసాలోని మజ్జిగ వంచి ఇచ్చింది. సమ్మమ్మ తాగి, మూతి తుడుచుకొని, "ఆ, తగ్గింది" అంది. పూలమ్మ కూడా దాని సంగతి మరిచిపోయింది. ఆమె మనసంతా నీళ్ల మీద ఉంది. పడవకు చిల్లుంటే? మోటారు ఆగిపోతే? నడుమల గాలి లేస్తే?

ఎండ వాలకముందే పని అయిపోయింది. ఓంప్రకాశ్ సేటు మనిషికొక లడ్డు పంచి, "పైలం అమ్మా, మల్ల రాండ్రి" అన్నాడు. పూలమ్మ తన లడ్డును అక్షర కోసం కాగితంలో చుట్టి సంచిలో పెట్టింది. తర్వాత ఆధార్ కార్డును ప్లాస్టిక్ కవర్లో మడిచి రవికెలో దోపుకుంది.

"అదెందుకే?"

"మునిగినంక మనమెవలమో తెల్వద్దా?"

"నేనున్న గదనే, చెప్త."

"నువ్వు గూడ మునుగుతవు గద అక్కా!"

సమ్మమ్మ నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది.

కట్టమీద పాండురంగం చెరుకు రసం బండి దగ్గర వాళ్లకు చెప్పే పని ఉండదు. దూరం నుంచి చూడగానే గోనెపట్టాలో చుట్టిన ఐసు గడ్డను సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. సమ్మమ్మ సంచిలోంచి తన స్టీలు గ్లాసు తీసింది. దాని మీద చుక్కల అక్షరాలతో 'రామలింగం – పద్మ' అని చెక్కి ఉంటుంది. ఎవరి పెళ్లికి ఎవరు పంచిన గ్లాసో, ఎప్పుడో గోదాములో ఎవరో మరిచిపోతే సమ్మమ్మకు దొరికింది. రామలింగం, పద్మ మా చుట్టాలేనని అందరికీ చెబుతుంది.

"రసంల ఐసు వద్దు. ఐసు ఇండ్ల వెయ్యి," అంది గ్లాసు చాపి.

"ఐసు వద్దనెటోళ్లకే నా ఐసంత పోతాంది," అన్నాడు పాండురంగం, గ్లాసు నిండా వేస్తూ.

రసం తాగాక ఇద్దరూ ఐసు ముక్కలు అరచేతుల్లో పెట్టుకొని పిడికిళ్లు మూశారు. మిరపకాయ మంట సబ్బుకు పోదు, నూనెకు పోదు. పగలు పనిలో తెలియకుండా ఉండి, చేతులు ఖాళీ అయ్యాక పైకి తేలుతుంది. ఐసు పట్టుకుంటే ముందు ఇంకా మండుతుంది, తర్వాత తిమ్మిరెక్కుతుంది, ఆ తర్వాత కాసేపు ఆ చేతులు తమవి కానట్టు తేలికైపోతాయి. ఎండాకాలమంతా వాళ్లు ఎదురుచూసేది ఆ కాసేపటి కోసమే.

"ఇగ లే," అంది సమ్మమ్మ.

ఫోను తడుస్తుందని పూలమ్మ సంచిని పాండురంగం బండి మీద పెట్టింది. సమ్మమ్మ మాత్రం ఐసు గ్లాసు వదల్లేదు. పడవ నడిపే మొగిలి నారింజరంగు లైఫ్ జాకెట్లు తెచ్చిచ్చాడు. పూలమ్మ ఒకటి తొడుక్కొని, ఇంకొకటి కూడా ఇమ్మంది.

"రెండేసుకుంటె నీళ్లల్ల పడకముందే ఊపిరాడక పోతవు పెద్దమ్మా," అన్నాడు మొగిలి.

"నీకు ఈతొచ్చా బిడ్డా?"

"వచ్చు."

"ఇద్దర్ని గుంజుకొచ్చేటంతొచ్చా?"

"ఆయమ్మను గుంజుకొచ్చుడు కష్టమే," అని సమ్మమ్మను చూసి నవ్వాడు. సమ్మమ్మ చేతిలోని ఐసు ముక్కను వాడి మీదికి విసిరింది.

పడవ కదలగానే పూలమ్మ కళ్లు మూసుకొని సమ్మమ్మ చేయి పట్టుకుంది. శ్రీకాంత్, అరుణ, అక్షర, ఒక్కొక్కరి పేరూ లోపల చెప్పుకుంది. పట్టుకున్న చేయి చల్లగా, తడితడిగా ఉంది. ఐసు, అనుకుంది. పడవ ఊగింది. మోటారు చప్పుడు మారింది. ఇదే, ఇక్కడే, అనుకుంది. ఏమీ కాలేదు. మళ్లీ ఊగింది. ఏమీ కాలేదు.

కళ్లు తెరిచింది.

కట్ట ఎక్కడో దూరంగా, గీత గీసినట్టుంది. పాండురంగం బండి అగ్గిపెట్టంత అయింది. రోజంతా మీద పడి కాల్చిన ఊరు ఇక్కడి నుంచి చూస్తే పడుకున్న పసిపిల్లలా ఉంది. నీళ్ల మీది నుంచి వచ్చే గాలి రవికెలోకి, వెంట్రుకల్లోకి, కళ్ల మంటలోకి దూరింది. పూలమ్మ ఒక చేయి మెల్లగా నీళ్లలో పెట్టింది. వేళ్ల మధ్య నుంచి నీళ్లు పారుతుంటే, ఫోను కట్టమీదే ఉండిపోయిందన్న సంగతి కూడా ఆమెకు గుర్తు రాలేదు. శ్రీకాంత్ పుట్టిన తర్వాత ఏ ఫికరూ లేకుండా గడిచిన కాసేపు అదే కావచ్చు.

"మండుతాందా అక్కా?"

"లేదే. సల్లగున్నది." సమ్మమ్మ నుదుటి మీద చెమట ముత్యాల్లా నిలబడింది. ఆమె నీళ్లను కాదు, పూలమ్మ మొహాన్ని చూస్తోంది. "ఎట్లున్నదే?"

"ఇంకో సుట్టు పోదామా?"

మొగిలి ఫక్కున నవ్వాడు. సమ్మమ్మ నవ్వబోయి, కళ్లు మూసుకొని తెరిచింది.

"సాలు చెల్లె. బస్సు పోతది."

"మూడేండ్ల సంది సతాయిస్తివి, ఇప్పుడు నేను పోదామంటె సాలంటవా?"

"వచ్చే ఏడు ఎక్కుదాం తీ. రెండు సుట్లు."

పూలమ్మ అలిగింది. బండి మీది సంచి తీసుకొని, హన్మకొండ బస్టాండు దాకా ఆటోలో ఆ అలకతోనే కూర్చుంది. పరకాల బస్సులో సమ్మమ్మకు కిటికీ పక్క సీటు దొరికింది. కూర్చొని, కిటికీలోంచి గ్లాసు కిందికి చాపింది.

"ఇండ్ల ఇంక ఐసున్నది. ఇంటికి పొయ్యెదాంక పట్టుకో. నా మంట పోయింది, నీకే ఎక్కువున్నది."

"గ్లాసో?"

"నీ దగ్గర్నె ఉండనియ్యి. మల్ల వచ్చినప్పుడు తీసుకుంట."

"చేరినంక మిస్డ్ కాల్ ఇయ్యి. రెండు మోగాలె, కట్ చెయ్యాలె."

"ఇస్తనే తల్లీ. లేకుంటె బస్సు ఎంబడి ఉరికొస్తవు నువ్వు."

బస్సు కదిలింది. కిటికీలోంచి పచ్చబొట్ల చేయి ఒకసారి ఊగి లోపలికి పోయింది.

ఇంటికి రాగానే పూలమ్మ గ్లాసును కిటికీ గూట్లో పెట్టింది. లడ్డు ఇచ్చి, అక్షర బుగ్గను మోచేత్తో నిమిరి, పడవ కథ చెప్పింది. ఎంత ఊగిందో చేతులు తిప్పి చూపించింది. అరుణ చపాతీలు ఒత్తుతూ, "నువ్వు పడవెక్కినవా అత్తా? నిజంగనా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. శ్రీకాంత్ కూడా ఇంటికి వస్తున్నానని రెండు మోతలిచ్చాడు. పూలమ్మ వాకిట్లో కూర్చొని కాళ్లు చాపుకుంది. ఎప్పుడూ బస్సు దారి పొడుగునా మూలమలుపులన్నీ ఒక్కొక్కటే లెక్కేసుకునే మనిషి. ఇవాళ అదేమీ చేయలేదు. పడవెక్కితేనే ఏమీ కాలేదు, బస్సుకేమవుతుంది?

దీపాలు పెట్టే వేళకు ఫోను మోగింది. తెర మీద సమ్మమ్మ పేరు. ఒకసారి. రెండోసారి.

"చేరింది," అంది పూలమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

ఫోను మూడోసారి మోగింది.

పూలమ్మ దాని వైపు చూసింది. అది మోగుతూనే ఉంది. గచ్చు మీద కొద్దికొద్దిగా జరుగుతూ మోగుతోంది.

"నానమ్మా, ఆగుతలేదు," అంది అక్షర.

పూలమ్మ చేయి ముందుకు పోలేదు. అరుణ పిండి చేతులతోనే వచ్చి ఎత్తింది. సమ్మమ్మ బిడ్డ వినోద గొంతు బయటికి వినిపించింది. మాటలు తెలియలేదు, ఏడుపు తెలిసింది. అరుణ "ఆ... ఆ..." అంటూ విని, ఫోను దించింది.

"పరకాలల అందరు దిగిండ్రట అత్తా. సమ్మవ్వ కిటికీకి తలానిచ్చి కూసున్నదట. నిద్రపోతాందని కండక్టరు లేపిండట."

పొయ్యి మీద చపాతీ మాడిన వాసన వచ్చింది. పూలమ్మ తన కుడిచేతిని ఒళ్లో వెల్లకిలా పెట్టుకొని చూస్తూ కూర్చుంది. పడవలో సమ్మమ్మ చేతిని పట్టుకున్న చేయి అది. చల్లగా, తడితడిగా. ఐసే అనుకుంది.

"మండుతాందన్నది," అంది. ఎవరితోనో తెలియదు. "ఛాతిల మండుతాందనే అన్నది."

అక్షర వచ్చి పక్కన కూర్చొని, తన చిన్న మోచేతితో నానమ్మ బుగ్గను నిమిరింది.

కిటికీ గూట్లో ఐసు ఎప్పుడో కరిగిపోయింది. గ్లాసు చుట్టూ పట్టిన చెమట రామలింగం పేరు మీదుగా, పద్మ పేరు మీదుగా జారి గూడు తడిసింది. లోపలి నీళ్ల మీద ఒక మిరప గింజ కదలకుండా తేలుతోంది.