మన అయిదు పాయింట్లు

మా మహిళల రగ్బీ జట్టు చరిత్రను పుస్తకంగా వేద్దామని సమాఖ్య సమావేశంలో అనగానే అందరూ నవ్వారు. రాయమన్నది నన్ను కాబట్టి నేను నవ్వలేదు. ఇరవై రెండేళ్లలో తొమ్మిది అంతర్జాతీయ టోర్నమెంట్లకు వెళ్లాం. ఇరవై ఏడు మ్యాచ్‌లు ఆడాం, ఇరవై ఆరు ఓడిపోయాం. గెలిచిన ఆ ఒక్కటీ అవతలి జట్టు బస్సు దారిలో చెడిపోయి రాలేక పోగొట్టుకున్నది. మొదటి మ్యాచ్‌లో మమ్మల్ని సున్నాకి ఎనభై తొమ్మిదితో ఉతికి ఆరేశారు. రెండో దాంట్లో నూట నాలుగు. ఆ మైదానం బోర్డు మీద మూడో అంకెకి చోటు లేక సున్నా, నాలుగు అని చూపించింది. దూరం నుంచి చూసినవాళ్లు పోటాపోటీగా సాగుతోందని అనుకుని ఉంటారు.

ఇందులో పుస్తకానికి సరిపడా ఏముందని అధ్యక్షుడు అడిగాడు. ఒకటుందని చెప్పాను. అదేమిటో ఆయనకీ తెలుసు, గదిలో అందరికీ తెలుసు. బంతి పట్టుకుని అవతలివాళ్ల గీత దాటి, దాన్ని నేలకు నొక్కితే ట్రై అంటారు, అయిదు పాయింట్లు ఇస్తారు. ఇన్నేళ్లలో మా దేశం ఒకే ఒక్క ట్రై చేసింది. మూడో టోర్నమెంటు ఆఖరి మ్యాచ్‌లో, సున్నాకి అరవై నాలుగు మీద. స్కోరు షీట్‌లో ఇప్పటికీ ఉంది: డెబ్బై ఎనిమిదో నిమిషం, ఎనిమిదో నంబరు, ట్రై. ఎనిమిదో నంబరు చొక్కా నాది. జట్టు కెప్టెన్‌ని నేను. నాకు విద్యుత్తు కార్యాలయంలో ఉద్యోగం వచ్చింది దాని వల్లే, సమాఖ్యలో ఈ కార్యదర్శి కుర్చీ వచ్చిందీ దాని వల్లే.

ఆ ట్రై నేను చెయ్యలేదు.

చేసింది పొట్టి. తొమ్మిదో నంబరు. నా భుజం దాకా కూడా వచ్చేది కాదు, కానీ తనకి రెట్టింపు ఉన్నవాళ్ల కాళ్ల మీదికి తల పెట్టి దూకేది. ఆ రోజు ఉదయం నుంచీ వాన. రెండో సగంలో పొట్టి కనుబొమ్మ చిట్లింది. రక్తం కారుతున్న మనిషిని రిఫరీ ఉండనివ్వడు, కట్టు కట్టించుకుని రమ్మని పంపేశాడు. కట్టు కట్టారు గాని చొక్కా నిండా రక్తమే, ఆ చొక్కాతో లోపలికి రానివ్వరు. మా సమాఖ్య మాకు మనిషికొక్క చొక్కా ఇచ్చింది, ఉతికితే ఆరేదాకా ఆగాల్సిందే. మార్పిడి ఆటగాళ్లు అప్పటికే అందరూ మైదానంలోకి దిగిపోయారు.

సరిగ్గా అప్పుడు నేను కుంటుకుంటూ గీత బయటికి వచ్చాను. చీలమండ బెణికిందన్నాను. బెణకలేదు. అవతలి ఎనిమిదో నంబరు కొండలాంటి మనిషి. ఆవిడని ఆపడం నా పని. రెండుసార్లు ఆపాను, రెండుసార్లూ ఊపిరి ఆగినంత పనైంది. మూడోసారి నా వైపు తిరగగానే నా ప్రాణం పైకే పోయింది. కెప్టెన్ అన్న మాట మరిచిపోయి కాళ్లకు బుద్ధి చెప్పాను. చొక్కా విప్పి పొట్టి తల మీంచి తొడిగాను. తువ్వాలు కప్పుకుని బెంచీ మీద కూర్చున్నాను. మా మేనేజరు చూసీ చూడనట్టు తల తిప్పుకున్నాడు. చొక్కా పొట్టికి మోకాళ్ల దాకా వేలాడింది. రిఫరీ కళ్లు తెరిచి చూసి ఉంటే కనిపెట్టేవాడే. అరవై నాలుగు పాయింట్ల తేడా ఉన్న మ్యాచ్‌లో అంత వానలో ఎవరు చూస్తారు.

పది నిమిషాల తర్వాత గీత దగ్గర మనుషులు ఒకరి మీద ఒకరు గుట్టలా పడ్డారు. రిఫరీ విజిల్ వేసి, ఒక్కొక్కరినీ లేపుకుంటూ పోయాడు. అట్టడుగున పొట్టి, దాని చేతి కింద బంతి. తోటివాళ్లు దాన్ని ఎత్తుకుని గాల్లోకి విసిరారు. నేను బెంచీ మీంచి లేచి చప్పట్లు కొట్టాను. అప్పుడు నిజంగానే సంతోషపడ్డాను, ఆ మాట అబద్ధం కాదు.

బట్టలు మార్చుకునే గదిలో మేనేజరు తలుపు మూసి మెల్లగా చెప్పాడు. చొక్కా మార్చిన సంగతి బయటపడితే ట్రై రద్దు చేస్తారు, జట్టు మీద చర్య కూడా తీసుకోవచ్చు. కాగితం మీద ఎవరి పేరుంటే వాళ్లదే. అందరూ పొట్టి వైపు చూశారు. అది కట్టు మీద మంచుగడ్డ పెట్టుకుని నవ్వింది.

“పాయింట్లు ఉంటే చాలక్కా. నీ పేరుంటే ఏంటి, నా పేరుంటే ఏంటి?”

ఆ మాట అది మనస్ఫూర్తిగా అంది. నేను మనస్ఫూర్తిగా తీసుకున్నాను. ఇచ్చేవాళ్లు అంత తేలిగ్గా ఇస్తే తీసుకునేవాళ్లకి బరువేముంటుంది. తర్వాత పత్రికలవాళ్లు అడిగితే మొదట్లో తడబడ్డాను, మూడోసారికి గడగడా చెప్పాను. పదేళ్లకి గుట్ట కింద నా మెడ మీద ఎవరి మోచెయ్యి ఉందో కూడా చెప్పేదాన్ని. నేను ఆ తర్వాతి టోర్నమెంటుతో ఆట మానేశాను. పొట్టి మరో అయిదు ఆడింది. ప్రతి టోర్నమెంటులోనూ దాని తలకి ఒక దెబ్బ ఖాయం. పడి లేచి, “మనం ఎటు ఆడుతున్నాం?” అని అడిగేది, మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం. దీని తల రాయిరా అని మెచ్చుకునేవాళ్లం.

దాని కూతురు నా దగ్గరికి వచ్చింది పోయిన నెలలో. సమాఖ్య ఆఫీసు అంటే టైర్ల దుకాణం మీద రెండు గదులు. ముందు గదిలో నేను పుస్తకం ప్రూఫులు దిద్దుకుంటున్నాను. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది ఆ పిల్ల, నన్ను పెద్దమ్మా అంటుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

చెప్పిందంతా విన్నాను. పొట్టి పద్నాలుగేళ్లుగా ఆడపిల్లల బడిలో ఆటల టీచరు. ఈ మధ్య పిల్లల పేర్లు మరిచిపోతోంది. సెలవు రోజున వెళ్లి మైదానంలో గీతలు గీసి పిల్లల కోసం మధ్యాహ్నం దాకా నిలబడింది. హెడ్మిస్ట్రెస్ డాక్టరు దగ్గర కాగితం తెమ్మంది. డాక్టరు పరీక్షలన్నీ చేశాడు. ఆయన లెక్క ప్రకారం, కొత్త సంగతులు మరిచిపోవడం ఒక ఎత్తు, జరగనివి జరిగాయనడం మరో ఎత్తు. మరుపే అయితే పక్కన ఇంకో టీచరుని పెట్టి మైదానంలో ఉంచవచ్చు. లేనివి ఉన్నట్టు చెబుతుంటే మాత్రం పిల్లల్ని అప్పగించడానికి వీల్లేదు. పొట్టి చెప్పిన పాత సంగతులన్నీ ఆయన ఈ పిల్లతో సరిచూసుకున్నాడు, ఒక్కటి తప్ప అన్నీ సరిపోయాయి. మన దేశం చేసిన ట్రై నేనే చేశానంటోంది. కాగితాల్లో చూస్తే అప్పుడు ఆవిడ మైదానంలోనే లేదు.

“మిగతావాళ్లని కూడా అడిగాను పెద్దమ్మా. ఒకావిడ ఫోనే ఎత్తలేదు. ఇంకో ఇద్దరు, కెప్టెన్‌ని అడుగు, తను ఎలా చెబితే అలాగే అన్నారు. అమ్మకి ఇంట్లో ఏమీ తోచదు. ఆ మైదానం ఒక్కటే ఉంది. మీరు వచ్చి డాక్టరుగారితో ఉన్నదున్నట్టు చెప్పండి, చాలు.”

వస్తానన్నాను. నిజం చెప్పాలనే అనుకున్నాను. మూడు రోజులు గడిచాయి. ఇన్నేళ్ల తర్వాత ఎవరు రద్దు చేస్తారులే అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. ఆస్పత్రికి వెళ్లే బస్సులో కూడా చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకున్నాను. చేతి సంచిలో స్కోరు షీటు నకలు మాత్రం ఎందుకు పెట్టుకున్నానో అప్పుడు ఆలోచించలేదు.

డాక్టరు గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కిటికీ నిండా ఫైళ్లు. పొట్టి ఇస్త్రీ చీర కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని వచ్చింది, పరీక్షకి వచ్చిన పిల్లలా. నన్ను చూడగానే మొహం విప్పారింది. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఇక ఫర్వాలేదు, అక్క వచ్చింది కదా అని కూతురికి చెప్పింది. నా పేరు, మేనేజరు పేరు, ఆ ఊళ్లో మేం దిగిన హాస్టలు గది నంబరు, అన్నీ టకటకా చెప్పింది. చొక్కా సంగతీ తనే చెప్పింది.

“అక్క కాలు బెణికింది డాక్టరుగారూ. అంత నొప్పిలో కూడా తన చొక్కా విప్పి నాకిచ్చింది. నేను వేసుకుని వెళ్లి ట్రై చేశాను. అడగండి, అక్కే చెబుతుంది.”

డాక్టరు నా వైపు తిరిగి, అప్పుడు మీరెక్కడున్నారు మేడమ్ అని అడిగాడు.

నిజానికి పొట్టి నాకు దారి వేసి పెట్టింది. కాలు బెణికిందన్న అబద్ధం కూడా తనే మోసుకొచ్చి నా ఒళ్లో పెట్టింది. అవునంటే సరిపోయేది, భయపడి పారిపోయిన సంగతి ఎప్పటికీ ఎవరికీ తెలిసేది కాదు. పైగా త్యాగమూర్తినని పేరు కూడా వచ్చేది. కానీ ట్రై పోతుంది. ప్రూఫుల్లో పదకొండో పేజీ నిండా నా ఫోటో, దాని కింద నా పేరు. ఆ పేజీ తీసేస్తే నేను ఇరవై ఆరు మ్యాచ్‌లు ఓడిన జట్టులో ఆడిన ఒక మనిషిని, అంతే. నాకు ట్రై కావాలి. అంతకన్నా గొప్ప కారణం ఏదీ లేదు.

సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాను.

“నేను మైదానంలోనే ఉన్నాను డాక్టరుగారూ. తొమ్మిదో నంబరు రక్తం కారి బయటికి వెళ్లింది, మళ్లీ రాలేదు. ఇందులో ఉంది చూడండి.”

పొట్టి నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంది. నవ్వబోయి ఆగింది. కాగితం తన వైపు లాక్కుని, వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదివింది. తొమ్మిదో నంబరు దగ్గర వేలు ఆగింది. తర్వాత నా మొహంలోకి చూసింది, కోపంగా కాదు. దారి తప్పినవాళ్లు దారినపోయేవాళ్లని అడిగేటప్పుడు చూస్తారే, అలా.

“అవునా అక్కా?”

“అవును పొట్టీ.”

డాక్టరు రాసుకున్నాడు. పొట్టి కూతురు మెట్ల దగ్గర నన్ను ఆపి, ఇబ్బంది పెట్టినందుకు ఏమీ అనుకోవద్దంది. మా అమ్మ మిమ్మల్ని చాలా గౌరవిస్తుంది, కావాలని అన్న మాట కాదు అంది. నేను ఆ పిల్ల భుజం తట్టి, జబ్బు చేసిన మనిషి మాట పట్టించుకుంటామా అని ఓదార్చాను. ఇంటికి వెళ్లి కడుపునిండా అన్నం తిన్నాను. ఎలా తినగలిగానా అని అసహ్యం వేసింది గాని, తిన్నాను.

వారంలో బడివాళ్లు పొట్టిని మాన్పించారు. అది రెండుసార్లు గేటు దాకా వెళ్లిందట. హెడ్మిస్ట్రెస్ కాపలావాడికి చెప్పి లోపలికి రానివ్వవద్దందట. పిల్లలు గోడ మీంచి చేతులు ఊపితే, ఎవరు ఎవరో తెలియకపోయినా అందరికీ ఊపి వచ్చిందట. ఇవన్నీ కూతురు ఫోన్‌లో చెప్పింది. అయ్యో అన్నాను. ఇంకో వారానికి పుస్తకం అచ్చయి వచ్చింది. అధ్యక్షుడు సభ పెట్టి, మన దేశపు తొలి ట్రై, ఏకైక ట్రై అంటూ నన్ను వేదిక మీదికి పిలిచాడు. ఆ పాత జట్టులోంచి నలుగురు వచ్చారు. నలుగురూ చప్పట్లు కొట్టారు, వాళ్లు నా వైపు చూడలేదు, నేను వాళ్ల వైపు చూడలేదు.

నిన్న మధ్యాహ్నం పొట్టి ఆఫీసుకి వచ్చింది. కూతురు కింద టైర్ల దుకాణం దగ్గర నిలబడి, అమ్మ ఒక్కతే మాట్లాడతానందని చెప్పి పంపింది. పొట్టి చేతిలో మా పుస్తకం ఉంది, ఇంకో చేతిలో గళ్ల అట్ట నోటుపుస్తకం. డాక్టరు రాసుకోమని చెప్పిన నోటుపుస్తకమట, నిజమైనవన్నీ అందులో రాసుకుంటే తికమక ఉండదన్నాడట.

కుర్చీ అంచున కూర్చుని, ముందు నా రెండు చేతులూ పట్టుకుంది.

“నీది నాదనుకున్నానక్కా ఇన్నేళ్లూ. పిల్లలకి కూడా అలాగే చెప్పాను. ఎంత సిగ్గుగా ఉందో. నన్ను క్షమించు.”

ఫర్వాలేదన్నాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. గదిలో ఇంకెవరూ లేరు. చెప్పి ఉంటే అది నమ్మేదో లేదో తెలియదు. నేను చెప్పలేదు కాబట్టి ఎప్పటికీ తెలియదు.

పొట్టి నోటుపుస్తకం తెరిచి, పెన్ను మూత తీసింది. మొహంలో ఆ పాత ఉత్సాహమే. నువ్వు చెబితే రాసుకుంటాను, ఇక ఎప్పుడూ తప్పు చెప్పను అంది.

“ఎలా ఉంటుందక్కా, గీత దాటి బంతిని నేలకి నొక్కినప్పుడు?”

పత్రికలవాళ్లకి ఇన్నేళ్లూ గడగడా చెప్పిన నోరు. మోచెయ్యి, తడి గడ్డి, ఊపిరాడకపోవడం, అన్నీ కొట్టినపిండే. దాని మొహంలోకి చూస్తూ ఒక్కటీ చెప్పలేకపోయాను.

“ఏమీ అనిపించదు పొట్టీ. మట్టి తగులుతుంది, అంతే.”

అది తల వంచుకుని, నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో ఆ మాటే రాసుకుంది. రాసినది నాకు చదివి వినిపించి, సరిగ్గా ఉందా అక్కా అని అడిగింది. సరిగ్గానే ఉందన్నాను.