ఆరో పిన్ను

నేను ఒక యుద్ధవిమానాన్ని. ఒక ఇంజను, ఒక సీటు, పలచని రెండు రెక్కలు. నా రకం పేరు మాత్రం చెప్పను. చెబితే మీలో సగం మంది నా పక్షం, తక్కిన సగం ఎదుటి పక్షం చేరిపోతారు. మనుషులు యుద్ధం లేకుండానైనా ఉండగలరు గాని, యుద్ధవిమానాలలో ఏది గొప్పదన్న వాదం లేకుండా ఉండలేరు. ఇంకొక మనవి. అల్యూమినియానికి ఆత్మ ఉంటుందని నేను నమ్మను. కనుక దీనిని ఆత్మకథ అనడం మర్యాద కోసమే.

పరాయి దేశపు నిర్మాణ పటాలు తెప్పించి, మన దేశపు కర్మాగారంలో నన్ను కూర్చారు. పటాలు చూసినవారు నన్ను పొగిడారు. నాతో పనిచేసినవారు తిట్టారు. ఇద్దరూ నిజమే చెప్పారు. రెక్క పలచన కనుక వేగంగా పోతాను. రెక్క పలచన కనుకనే నెమ్మదిగా దిగలేను, ఎక్కువ ఇంధనం మోయలేను. నా గుణానికీ దోషానికీ కారణం ఆ ఒక్క రెక్కే. గుణాలు ఒక కాగితం మీద, దోషాలు మరొక కాగితం మీద రాసుకుని కొట్లాడేవారికి ఈ సంగతి ఎప్పటికీ బోధపడదు.

నన్ను నడిపిన పదకొండు మందిలో సుధీంద్ర అనే అతను ఏడేళ్ళు నడిపాడు. ఆ ఏడేళ్ళూ నన్ను నేలమీద కనిపెట్టుకుని ఉన్న టెక్నీషియన్ సార్జెంట్ తాతారావు. వారిద్దరి మధ్య రోజూ ఒక తంతు జరిగేది. నా సీటు కింద మందుగుండు ఉండేది. ప్రమాదం వస్తే పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరేయడానికి. నేలమీద ఉండగా అది పొరపాటున పేలకుండా ఆరు పిన్నులు గుచ్చి ఉంచేవారు, ఒక్కొక్క దానికీ ఒక ఎర్ర గుడ్డ పట్టీ. సుధీంద్ర సీట్లో కూర్చున్నాక తాతారావు ఆరింటినీ లాగి, కిందికి దిగి, నా ఎడమవైపు నిలబడి వాటిని విసనకర్రలా విప్పి చూపేవాడు. పైలట్ లెక్కపెట్టి బొటనవేలు ఎత్తేవాడు. అప్పుడే ఇంజను. ఒక్క పిన్ను లోపల మిగిలినా ఆ సీటు వట్టి కుర్చీ. ఏడేళ్ళలో ఒక్కనాడూ తాతారావు లెక్క తప్పలేదు.

తరువాత నా ఇంజను తీసేశారు, మందుగుండు తీసేశారు. ఏలూరులో ఒక పాలిటెక్నిక్ ఆవరణలో సిమెంటు దిమ్మె మీద నిలబెట్టారు. పొగ వెళ్ళే గొట్టంలో గోరింకలు కాపురం పెట్టాయి. తాతారావు అదే ఊళ్ళో స్థిరపడ్డాడు. ఎవరికీ అక్కరలేని ఆ పిన్నులు అతని దగ్గరే ఉండిపోయాయి.

వింగ్ కమాండర్ హోదాలో ఎప్పుడో విరమించిన సుధీంద్ర కూడా రెండేళ్ళ క్రితం ఆ ఊరు చేరాడు. భార్య కళావతి ప్రతి ఉదయం చెయ్యి పట్టుకుని నా దగ్గరకు తీసుకువచ్చేది. ఆయనకు జ్ఞాపకం జారిపోతున్నది. మందులతో ఆగే జబ్బు కాదని వైద్యుడు చెప్పాడు. ఆ మాట విన్ననాటినుంచే తాతారావు నన్ను తిట్టడం మొదలుపెట్టాడు.

"ఏం విమానమండి ఇది! ముప్పై నిమిషాలకే ఫ్యూయలు అయిపోద్ది."

"ముప్పై కాదయ్యా, నలభై ఆరు! టెక్నీషియన్‌వి, ఆ మాత్రం తెలీదూ?"

"తెలుసు లెండి. వెనకాల ఎవడొచ్చినా కనబడి చావదు."

"నా వెనకాలికి రానిస్తే కదా!"

కళావతి ఒకనాడు అడగనే అడిగింది. "ఎందుకండీ తాతారావుగారూ, పొద్దున్నే ఆయన్ని రెచ్చగొడతారు?"

"కోపం వచ్చినంతసేపూ ఈయన మా సారేనండమ్మా," అన్నాడతను.

నాకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది. నా ప్రతి అంకెనూ ఏడేళ్ళపాటు పుస్తకంలో తన చేత్తో రాసినవాడు తాతారావు. అంకె తప్పు చెప్పడం అతనికి చేతకాని పని. డెబ్బై ఒకటో ఏట దానిని కష్టపడి నేర్చుకున్నాడు.

రాను రాను తప్పులను పెద్దవి చేయవలసి వచ్చింది. మొన్న వేసవిలో ఒక ఉదయం, "ఇది నూట యాభై స్పీడుకి దిగిపోద్దండి, గాలిపటంలాగ," అన్నాడు. నేను దిగేది గంటకు మూడువందల ఇరవై కిలోమీటర్ల వేగం మీద. నూట యాభైకి దిగబోతే రాయిలా పడతాను. సుధీంద్ర నావైపు మర్యాదగా చూసి, "అలాగా అండీ," అన్నాడు.

"అండీ" అన్న ఆ మాటకు తాతారావు మొహం పాలిపోయింది.

కళావతి లేచింది. "ఇక చాలండీ. ఇంటికెళ్ళాక, ఏదో మర్చిపోయాను, ఏదో మర్చిపోయాను అని ఒకటే ఏడుపు. రేపట్నుంచి తీసుకురాను."

"ఒక్క రోజమ్మా. రేపొక్క రోజు తీసుకురండి."

మరునాడు తాతారావు గుడ్డసంచితో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సుధీంద్రను నా ముక్కు పక్కన ఉన్న సిమెంటు బల్లమీద కూర్చోబెట్టి, ఎడమవైపుకు నడిచి, నిటారుగా నిలబడి, వెలిసిపోయిన ఎర్ర పట్టీలను విప్పి పైకెత్తాడు. ఆ తంతులో మాటలు ఎన్నడూ లేవు.

సుధీంద్ర చూశాడు. పెదవులు కదిలాయి. బొటనవేలు లేవలేదు. తాతారావు చెయ్యి దించలేదు. కళావతి కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "రండి, వెళదాం," అంటూ భర్త భుజం మీద చెయ్యి వేసింది.

సుధీంద్ర ఆ చేతిని తోసేశాడు.

"అయిదేగా! ఆరోది ఏది, తాతారావ్?"

పేరు పెట్టి పిలిచి నాలుగు నెలలు దాటింది. కాని తాతారావు ఆ పిలుపును గమనించలేదు. చేతిలోని పిన్నులను బిత్తరపోయి లెక్కపెట్టుకున్నాడు. అయిదే. ఈసారి తప్పు నటన కాదు.

"ఇంట్లోనే ఆరూ సంచిలో పెట్టానండి సార్... ఒట్టు..."

"లోపలుండిపోతే చచ్చేది నేను, నువ్వు కాదు. వెతుకు!"

తాతారావు సంచి బోర్లించాడు. కళ్ళజోడు పెట్టె, మందు బిళ్ళల అట్ట, చివరకు పట్టీ ఊడిపోయిన మొండి పిన్ను ఒకటి రాలి పడింది. పట్టీ లేదు కనుక చేతికి తగలలేదు. దానిని అయిదింటితో కలిపి మళ్ళీ ఎత్తాడు.

సుధీంద్ర వేలితో గాలిలో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. బొటనవేలు లేచింది.

తాతారావు రెండడుగులు వెనక్కి వేసి సెల్యూట్ చేశాడు. అతనికి కళ్ళు తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు.

"అమ్మా, రేపు..." అని ఆగిపోయాడు.

"ఎండెక్కకముందే వస్తాం," అంది కళావతి. "ఆ పిన్ను ఇటివ్వండి, పట్టీ కుట్టి తెస్తాను."

"వద్దమ్మా. దాన్ని అలాగే ఉండనివ్వండి."

ఇది మహిమ అని నేను అనను. చెయ్యి నేర్చుకున్నది మాటకంటే ఆలస్యంగా చెరుగుతుంది, కారణం అంతే. మరునాడు సుధీంద్ర అతన్ని మళ్ళీ "అండీ" అన్నాడు. నా వేగమూ ఎత్తూ అన్నీ మరిచిపోయాడు; నా గుణదోషాలను ఎత్తిచూపేవారు ఇప్పుడెవరూ లేరు. ఆ వాదం లేనందుకు నాకు కొంచెం వెలితిగా ఉన్న మాట నిజం.

అయినా ప్రతి ఉదయం నా ఎడమవైపు ఒక ముసలివాడు అయిదు పిన్నులు ఎత్తి చూపుతాడు. ఆరోది జేబులో ఉంటుంది. బల్లమీది ముసలివాడు దాన్ని అడిగి బయటికి తీయించేదాకా నన్ను కదలనివ్వడు.